జట్టు మా ఊరిది, పిల్లవాడు ఈ ఊరివాడు

నలభై దాటిన ఒక తండ్రి ఈసారి సుదీర్ఘమైన ఉత్తరం రాశారు. తన పేరే కాక ఊరి పేరు, ఆట పేరు కూడా బయటపెట్టవద్దని కోరారు. ఆ రెండూ తెలిస్తే తనను ఎరిగినవారు ఇట్టే గుర్తుపడతారని ఆయన బెంగ. అందువల్ల ఆ వివరాలు వదిలి, మిగిలిన విషయాన్ని సారం చెడకుండా క్లుప్తంగా ఇస్తున్నాను.

ఆయన పుట్టి పెరిగిన నగరానికి ఒక ప్రొఫెషనల్ జట్టు ఉంది. చిన్నతనంలో తండ్రి చెయ్యి పట్టుకుని స్టేడియానికి వెళ్లేవారు. జట్టు గెలిచిన రోజు వీధంతా నిద్రపోయేది కాదు, ఓడిన రోజు ఇంట్లో ఎవరూ పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఉద్యోగం కోసం వేరే నగరానికి వచ్చి పద్నాలుగేళ్లయింది. ఈ నగరానికి కూడా అదే లీగులో ఒక జట్టు ఉంది. పదకొండేళ్ల కొడుకు ఇక్కడే పుట్టాడు, ఇక్కడి బడిలోనే చదువుతున్నాడు. ఇటీవల ఆ రెండు జట్లు తలపడిన సాయంత్రం పిల్లవాడు ఈ ఊరి జెర్సీ వేసుకుని టీవీ ముందు కూర్చున్నాడు. తండ్రి ఊరి జట్టు ఓడిపోయింది, పిల్లవాడు కేరింతలు కొట్టాడు. ఆయన టీవీ కట్టేసి, "అసలు నువ్వు నా కొడుకువేనా?" అని అరిచారు. ఆనాటి నుంచి ఆ అబ్బాయి తండ్రితో కలిసి ఆట చూడడం లేదు. స్నేహితుడి ఇంటికి వెళ్లి చూసి వస్తున్నాడు.

ఇంకొక చిక్కు కూడా ఉంది. సొంత ఊళ్లో ఉన్న తన తండ్రితో ఆయన ప్రతి ఆట తరువాత ఫోనులో మాట్లాడతారు. మనవడు కూడా మన జట్టుకే అభిమాని అని ఏళ్ల తరబడి చెబుతూ వచ్చారు. వచ్చే సెలవుల్లో అబ్బాయి తాతగారి దగ్గరకు వెళుతున్నాడు. ఇదిలా ఉండగా, కొత్త స్టేడియం కట్టి ఇవ్వకపోతే జట్టును వేరే నగరానికి తీసుకుపోతానని యజమాని అంటున్నట్లు ఊళ్లో వినికిడి. అభిమానులు సంఘంగా ఏర్పడి ఈయనను కూడా చేరమని, విరాళం ఇవ్వమని అడుగుతున్నారు. ఆఫీసులో ఒక సహోద్యోగి మాత్రం, "ఆటగాళ్లు మీ ఊరివాళ్లు కారు, యజమాని మీ ఊరివాడు కాడు, డబ్బు కోసం ఆడేవాళ్లను చూసి మీకెందుకు గర్వం?" అని తీసిపారేశారట. తన గర్వం నిజమైనదేనా, కొడుకును తన వైపు తిప్పుకోవాలా వదిలేయాలా, సంఘంలో చేరాలా వద్దా అన్నవి ఆయన ప్రశ్నలు.

సమాధానం

మీ ఉత్తరంలో ఎక్కువ భాగం జట్టు గురించే ఉంది. కానీ మీరు రెండుసార్లు కొట్టివేసి మళ్లీ రాసిన వాక్యం ఒక్కటే, అది కొడుకుతో మీరన్న మాట. కనుక ఈ సమాధానంలో కూడా ఎక్కువ చోటు దానికే ఇస్తాను. అయితే ముందుగా మీ సహోద్యోగి ప్రశ్నను తేల్చుకోవాలి. ఆయన మాట మీలో పుట్టించిన అనుమానమే, మీకు తెలియకుండానే, ఆ సాయంత్రం మీ కోపాన్ని రెట్టింపు చేసి ఉంటుందని నాకనిపిస్తోంది.

ఆయన చెప్పిన వివరాల్లో తప్పు లేదు. ఊరి పిల్లలే ఊరి జట్టులో ఆడి పేరు తెచ్చిన సందర్భాలు లేకపోలేదు. 1967లో యూరప్ ఫుట్‌బాల్ క్లబ్బుల పోటీ యూరోపియన్ కప్ గెలిచిన స్కాట్లాండ్ జట్టు సెల్టిక్ ఆటగాళ్లందరూ తమ ఊరు గ్లాస్గోకు సుమారు 30 మైళ్ల లోపల పుట్టినవారే. స్పెయిన్‌లోని అథ్లెటిక్ బిల్బావో ఫుట్‌బాల్ జట్టు నేటికీ బాస్క్ ప్రాంతంలో పుట్టినవారిని, లేదా అక్కడ ఆట నేర్చుకున్నవారిని మాత్రమే తీసుకుంటుంది. అలా ఉంటూనే 1929లో మొదలైన స్పానిష్ లీగులో ఇంతవరకు ఒక్కసారి కూడా కింది శ్రేణికి దిగలేదు. కానీ ఇవి అరుదైన ఉదాహరణలు. మిగిలిన ప్రపంచమంతటా ఆటగాడు ఒప్పందం ఉన్నంతకాలం ఒక ఊరికి ఆడతాడు, అది ముగిశాక మరొక ఊరికి ఆడతాడు. అది అతని వృత్తి, అందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

అయితే ఆ వివరాల నుంచి మీ సహోద్యోగి తీసిన నిర్ణయం మాత్రం నిలవదు. 2009లో డెక్కన్ ఛార్జర్స్ ఐపీఎల్ గెలిచినప్పటి సంగతి చూడండి. ఎన్నికల కారణంగా ఆ ఏడాది పోటీలన్నీ దక్షిణాఫ్రికాలో జరిగాయి. జట్టు కెప్టెన్ ఆస్ట్రేలియాకు చెందిన ఆడం గిల్‌క్రిస్ట్, ఫైనల్ జరిగింది జొహానెస్‌బర్గ్‌లో. అంతకు ముందు ఏడాదే పట్టికలో అట్టడుగున నిలిచిన జట్టు అది. ఆ రాత్రి హైదరాబాదులో కప్పు మాది అని సంతోషించినవారిలో ఎవరూ గిల్‌క్రిస్ట్ ఏ ఊరివాడో తెలియనివారు కారు. మూడేళ్ల తరువాత, 2012లో, ఆ ఫ్రాంచైజీయే రద్దయిపోయింది. 2013లో కొత్త యజమాని, కొత్త పేరు, కొత్త రంగులతో సన్‌రైజర్స్ వచ్చింది. యజమాని మారాడు, ఆటగాళ్లు చాలామంది మారారు, పేరూ రంగూ మారాయి. మారనిది ఉప్పల్ స్టేడియంలో కూర్చునే జనం. ఊరిదని చెప్పుకోదగినది ఏదైనా ఉంటే అది ఆ జనమే. రాంచీలో పుట్టిన ధోనీని చెన్నై నెత్తిన పెట్టుకోవడంలో కూడా ఇదే ఉంది: అతను ఎక్కడివాడన్నది కాదు, ఎవరి మధ్య నిలబడి ఆడాడన్నదే చెన్నైకి ముఖ్యమైంది.

మీ ఉత్తరం మళ్లీ చదివి చూసుకోండి. మీ ఊరి జట్టును గురించి రాసిన మూడు పుటల్లో ఆటగాళ్ల పేర్లు రెండే ఉన్నాయి. మిగిలినదంతా మీ నాన్నగారు టికెట్ల వరుసలో నిలబడటం, పక్క సీటులో ఎప్పుడూ కూర్చునే పెద్దాయన స్కోరు రాసుకునే నోటుపుస్తకం, ఓడిన రోజు ఇంటికి నడిచి వచ్చిన దారి. మీ గర్వం వీటి మీద నిలబడి ఉంది. వీటిని వేలంలో ఎవరూ కొనలేదు, ఎవరూ అమ్మలేరు. కనుక మీ గర్వం నిజమైనదేనా అన్న ప్రశ్నకు నా సమాధానం, నిజమైనదే.

దానికి ఒక హెచ్చరిక కూడా జోడించాలి. 1976లో రాబర్ట్ చాల్డిని అనే మనస్తత్వ శాస్త్రవేత్త, ఆయన సహచరులు అమెరికా విశ్వవిద్యాలయాల్లో చేసిన ఒక పరిశీలనను ప్రచురించారు. తమ విశ్వవిద్యాలయపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన వారాంతం తరువాత వచ్చే సోమవారం, ఓడిన తరువాతి సోమవారం కన్నా ఎక్కువమంది విద్యార్థులు ఆ విద్యాలయపు గుర్తులున్న దుస్తులు వేసుకుని వచ్చారు. గెలుపును గురించి చెప్పేటప్పుడు "మేము గెలిచాం" అనేవారు, ఓటమి దగ్గరికి వచ్చేసరికి "వాళ్లు ఓడిపోయారు" అనడం కూడా వారు గమనించారు. మీరలా కాదు. ఉత్తరమంతటా "మేము ఓడిపోయాం" అనే రాశారు. ఓటమిలో కూడా పక్కకు తప్పుకోని అభిమానం మీది, దానిని నేను మనస్ఫూర్తిగా గౌరవిస్తాను. కానీ అంత దగ్గరగా నిలబడినవారికి జట్టుకు తగిలిన దెబ్బ తమకే తగిలినట్లుంటుంది. ఆ క్షణంలో ఎదుట కేరింతలు కొట్టే పిల్లవాడు పిల్లవాడిలా కనబడడు, దెబ్బ కొట్టినవాడిలా కనబడతాడు. ఆ సాయంత్రం జరిగింది అదేనని నా ఉద్దేశం.

ఇక మీ అబ్బాయి సంగతి. మీరు ఊరి జట్టుకు అభిమాని అయిన తీరును మీరే వివరంగా రాశారు: బడిలో అందరూ దాని గురించే మాట్లాడుకోవడం, వీధిలో పిల్లలు ఆ ఆటగాళ్ల పేర్లు పెట్టుకుని ఆడడం, స్టేడియం దీపాలు మేడ మీద నుంచి కనబడడం. మీ అబ్బాయికి ఇవన్నీ ఉన్నాయి, కాకపోతే ఈ ఊళ్లో ఉన్నాయి. మీ జట్టు ఊరు అతనికి సెలవుల్లో వెళ్లే చోటు. ఈ ఊరు రోజూ బతికే చోటు. తాను పెరుగుతున్న ఊరిని తనదనుకోవడాన్ని అతను మీ దగ్గర నేర్చుకున్నాడు. పద్నాలుగేళ్లు దూరంగా ఉండి కూడా సొంత ఊరి జట్టును వదలని తండ్రిని రోజూ చూసే పిల్లవాడికి ఊరి జట్టును వదలకూడదని తెలుస్తుంది. ఏ ఊరు తనదో మాత్రం అతనే తేల్చుకున్నాడు. మీకు ధిక్కారంగా తోచింది, నా దృష్టిలో మీ పెంపకం ఫలించిన గుర్తు.

పక్షం ఏర్పడడం ఎంత సులభమో తెలియడానికి ఇంకొక సంగతి చెబుతాను. 1970 ప్రాంతంలో హెన్రీ టాజ్‌ఫెల్ అనే శాస్త్రవేత్త బ్రిటన్‌లో బడిపిల్లలతో కొన్ని ప్రయోగాలు చేశారు. ఇద్దరు చిత్రకారుల బొమ్మల్లో ఎవరివి నచ్చాయన్నంత చిన్న విషయం మీద వారిని రెండు గుంపులుగా చేశామని చెప్పారు. తమ గుంపులో ఎవరున్నారో కూడా ఆ పిల్లలకు తెలియదు. అయినా డబ్బు పంచమన్నప్పుడు సొంత గుంపు వైపే మొగ్గారు. ముక్కూముఖం తెలియని గుంపు మీదే అంత మమకారం కలిగితే, రోజూ పక్క బల్ల మీద కూర్చునే స్నేహితులంతా అభిమానించే జట్టు మీద మీ అబ్బాయికి ప్రేమ కలగకుండా ఉంటుందా?

ఇప్పుడు మీ ముందు కొన్ని దారులున్నాయి. అతనిని మీ జట్టు వైపు తిప్పుకోవడం ఒకటి. బతిమాలో, బహుమతులిచ్చో, కోప్పడో మీరు ప్రయత్నించవచ్చు, పదకొండేళ్ల పిల్లవాడు మీ కోసం ఒప్పుకోవచ్చు కూడా. కానీ అలా ఒప్పుకున్న పిల్లవాడు ఇంట్లో ఒక జట్టుకు, బడిలో ఇంకొక జట్టుకు అభిమానిగా ఉండడం అలవాటు చేసుకుంటాడు. మీ దగ్గర ఇష్టాలు దాచుకోవడం ఆటతో మొదలైతే ఆటతోనే ఆగదు. ఈ దారిని నేను సూచించలేను.

అతనిని అతని మానాన వదిలేసి ఎవరి ఆట వారు చూసుకోవడం రెండో దారి. గొడవలుండవు. చాలా ఇళ్లలో చివరకు ఇలాగే స్థిరపడుతుంది, అందులో పెద్ద నష్టం లేదని కొందరంటారు. మీ విషయంలో నష్టం ఉందని నేననుకుంటున్నాను, ఎందుకంటే ఆట మీకు కాలక్షేపం కాదు. మీ నాన్నగారితో మీకున్న బంధంలో సగం ఆట చుట్టూ అల్లుకున్నదే. మీకూ మీ అబ్బాయికీ మధ్య అది లేకుండా పోతే, దాని స్థానంలో మరొకటి వెతుక్కోవడానికి ఆ పిల్లవాడు చిన్నపిల్లవాడుగా ఉండే కాలం ఎంతో మిగలలేదు.

ఎదురు పక్షాల్లో ఉంటూనే కలిసి చూడడం ఇంకొక దారి. ఇది వినడానికి తేలిక, చేయడానికి కష్టం, ముఖ్యంగా మొదటి రెండు మూడు ఆటలు. ఓడినప్పుడు మీరు ఎలా ఉంటారో అతను గమనిస్తాడు. అతను గెలిచి కేరింతలు కొట్టినప్పుడు మీరు లేచి వెళ్లిపోతే, పాత గాయం మళ్లీ రేగుతుంది. అందువల్ల ఆ రెండు జట్లూ తలపడే ఆటతో మొదలుపెట్టకండి. అతని జట్టు మూడో జట్టుతో ఆడే రోజున, అతని పక్కన కూర్చుని, ఎవరు బాగా ఆడతారో, కెప్టెన్ ఎందుకలా చేశాడో అతనినే అడగండి. ఆట గురించి మీకు తెలిసినదంతా చెప్పాలన్న తొందర వద్దు. మీకు ఆట తెలుసని అతనికి తెలుసు. తనకు కూడా తెలుసని మీరు గుర్తించడమే అతనికి కావాలి.

మీరే ఈ ఊరి జట్టును రెండో జట్టుగా చేసుకుంటే ఎలా ఉంటుందని మీ భార్య సూచించారట, మీకది ద్రోహంలా తోచిందట. అది ద్రోహమని నేననుకోను, అలాగని తప్పనిసరి అని కూడా అనను. పద్నాలుగేళ్లు అన్నం పెట్టిన ఊరు ఇది, దాని గెలుపు కోరుకోవడంలో సిగ్గుపడవలసింది లేదు. 2012 మే 5న ఈడెన్ గార్డెన్స్‌లో కోల్‌కతా జట్టు మీద పుణె వారియర్స్ కెప్టెన్‌గా సౌరవ్ గంగూలీ దిగిన రోజు, స్టేడియంలోని జనం రెండుగా చీలిపోయారు. కోల్‌కతా ఫ్రాంచైజీ ఆ ముందటి ఏడాది వేలంలో గంగూలీని వదులుకుంది. ఊరి జట్టు ఒక వైపు, ఊరి బిడ్డ ఇంకొక వైపు. ఆ రోజు ఎటు చప్పట్లు కొట్టినవారినైనా కోల్‌కతాను ప్రేమించనివారని అనగలమా? అయితే కొడుకు మెప్పు కోసం లేని ఇష్టాన్ని నటించకండి. పిల్లలు దానిని వెంటనే పసిగడతారు.

ఏ దారి ఎంచుకున్నా, దానికి ముందు చేయవలసిన పని ఒకటుంది, అది ఎంపికకు సంబంధించినది కాదు. ఆ రోజు మీరన్న మాటను ఉపసంహరించుకోవాలి. జట్టు ఓడినందుకు కోపం వచ్చిందని చెప్పవచ్చు, కానీ అక్కడ ఆగకండి. ఏ జట్టును అభిమానించినా, అసలు ఆటే నచ్చకపోయినా, అతను మీ కొడుకేనని స్పష్టంగా, ఆ మాటల్లోనే చెప్పండి. "ఏదో కోపంలో అన్నాలే" అని తేల్చేస్తే పెద్దవాళ్లకు సరిపోవచ్చు. పదకొండేళ్ల పిల్లవాడు ఆ రోజు విన్న ప్రశ్నకు సూటి జవాబు కోసం ఇంకా ఎదురు చూస్తూ ఉంటాడు.

మీ నాన్నగారికి చెప్పిన అబద్ధం ప్రేమతో చెప్పినదే. కానీ దాని బరువు ఇప్పుడు మీ అబ్బాయి మీద పడబోతోంది. మీరేమీ చెప్పకుండా అతనిని పంపితే, తాతగారు కొన్న జెర్సీ చేతికి ఇచ్చిన క్షణంలో, నిజం చెప్పి తాతను బాధపెట్టాలా, అబద్ధమాడి తండ్రిని కాపాడాలా అని ఆ పిల్లవాడు తేల్చుకోవలసి వస్తుంది. తాతగారి ముందు అభిమానిగా నటించమని అతనికి ముందే చెప్పి పంపడం మీకు తోచిన ఉపాయం. అప్పుడు అబద్ధం ఇద్దరిదవుతుంది, పైగా అతని జట్టు దాచుకోవలసినదని మీరే చెప్పినట్లవుతుంది. ప్రయాణానికి ముందే మీరు ఫోనులో నిజం చెప్పడం మీకు ఇబ్బందికరమే గాని, అందరికన్నా తక్కువ నొప్పి కలిగించేది అదే. మీ నాన్నగారు నొచ్చుకోవచ్చు. మనవడు వేరే జట్టు వాడన్నందుకు కన్నా, ఇన్నేళ్లు దాచినందుకు నొచ్చుకోవచ్చు. దానిని మీరు భరించాలి. ఆట మీద అంత ప్రేమ ఉన్న పెద్దాయనకు వాదించడానికి ఎదురు జట్టు మనవడు దొరకడం చివరకు అంత చేదు విషయం కాకపోవచ్చని కూడా నాకనిపిస్తోంది. కానీ ఆయనను ఎరిగినవారు మీరు, ఎప్పుడు ఎలా చెప్పాలన్నది మీరే తూచుకోండి.

ఇక జట్టు తరలిపోతుందన్న భయం. దీనిని తేలికగా తీసుకోమని నేను చెప్పను, ఎందుకంటే అలా జరిగిన ఊళ్లు చాలా ఉన్నాయి. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్ ప్రజలు ఏళ్ల తరబడి ఎదురు చూసి 1955లో తమ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టు ప్రపంచ సిరీస్ గెలవడం చూశారు; 1957 సీజన్ ముగిశాక ఆ జట్టు లాస్ ఏంజెలెస్‌కు వెళ్లిపోయింది, 1960లో వారి స్టేడియాన్ని కూల్చివేశారు. 2008లో సియాటిల్ తన బాస్కెట్‌బాల్ జట్టును ఓక్లహోమా సిటీకి కోల్పోయింది. స్టేడియం కట్టి ఇవ్వకపోతే వెళ్లిపోతామన్న బెదిరింపు అమెరికా లీగుల్లో పాత ఆయుధమే. అది ఒక్కొక్కసారి బేరం కోసం వాడే మాట మాత్రమే, ఒక్కొక్కసారి నిజం. బయట ఉన్నవారికి ఆ తేడా చివరిదాకా తెలియదు.

అభిమానులు ఏకమైతే ఏమైనా జరుగుతుందా అని అడిగారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ సంగతి చూడండి. 1995 నవంబరులో ఆ ఊరి అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు బ్రౌన్స్‌ను బాల్టిమోర్‌కు తరలిస్తున్నట్లు యజమాని ప్రకటించాడు. ఊరు ఊరంతా లేచింది, నగర పాలకులు కోర్టుకు వెళ్లారు. ఆటగాళ్లను, సిబ్బందిని ఆపలేకపోయారు. కానీ 1996లో కుదిరిన ఒప్పందంలో జట్టు పేరు, రంగులు, పాత రికార్డులు క్లీవ్‌లాండ్‌కే మిగిలాయి. 1999లో అదే పేరుతో కొత్త జట్టు ఆ ఊరికి వచ్చింది. ఇక జట్టును పొందిన బాల్టిమోర్ కూడా ఒకప్పుడు పోగొట్టుకున్న ఊరే. 1984 మార్చిలో ఒక రాత్రి వారి కోల్ట్స్ జట్టు సామాను లారీల్లో ఇండియానాపొలిస్‌కు తరలిపోయింది. ఆ జట్టుకు వాయించే బ్యాండు మాత్రం విడిపోలేదు. జట్టు లేని ఊళ్లో, కొత్త జట్టు వచ్చేదాకా ఏళ్ల తరబడి వాయిస్తూనే ఉంది. వీటన్నిటిలో నా మనసుకు బాగా హత్తుకున్నది ఈ బ్యాండు వారి పట్టుదల. ఒక ఊరి పండుగ ఇంకొక ఊరి దుఃఖమైన తీరును కూడా మరువలేను.

లండన్‌లోని వింబుల్డన్ అభిమానులు ఇంకా ముందుకు వెళ్లారు. తమ ఫుట్‌బాల్ క్లబ్బును మిల్టన్ కీన్స్‌కు తరలించడానికి 2002లో అనుమతి లభించగానే, వారు తమ సొంత క్లబ్బు ఏఎఫ్‌సీ వింబుల్డన్‌ను పెట్టుకున్నారు. ఆటగాళ్ల కోసం ఊరి మైదానంలో బహిరంగంగా ఎంపికలు జరిపి, తొమ్మిదో శ్రేణిలో ఆట మొదలుపెట్టారు. 2011 నాటికి ఇంగ్లిష్ ఫుట్‌బాల్ లీగులోకి వచ్చారు. 2020లో తమ పాత వీధి ప్లౌ లేన్‌లో కట్టిన సొంత స్టేడియానికి తిరిగి చేరారు. ఈ కథ విని ఆశపడండి, కానీ పద్దెనిమిదేళ్ల శ్రమను, పోగైన డబ్బును, చిన్న మైదానాల్లో గడిపిన ఏళ్లను కూడా లెక్కలోకి తీసుకోండి.

అందువల్ల సంఘంలో చేరే ముందు కొన్ని సంగతులు అడిగి తెలుసుకోండి. సంఘం చట్టబద్ధంగా నమోదైందా? డబ్బు ఎవరి పేరిట ఉన్న ఖాతాలో పడుతోంది, లెక్కలు సభ్యులకు చూపుతారా? వారి కోరిక ఏమిటి? యజమానితో మాట్లాడించడమా, కోర్టుకు వెళ్లడమా, పేరూ రంగులూ ఊరికే మిగిలేలా చూడడమా, ప్రజల సొమ్ముతో స్టేడియం కట్టించమని ప్రభుత్వాన్ని ఒత్తిడి చేయడమా? చివరిది అయితే మరింత ఆలోచించండి. ప్రజాధనంతో కట్టిన స్టేడియాలు ఊరికి పెట్టిన ఖర్చుకు తగ్గ ఆర్థిక లాభం తేలేదని ఆ విషయం పరిశీలించిన ఆర్థికవేత్తల్లో ఎక్కువమంది తేల్చారు. ఊరి మీద ప్రేమతో ఊరి బడులకు, ఆసుపత్రులకు పోవలసిన డబ్బును స్టేడియానికి మళ్లించమని అడగడం మీకు సమ్మతమేనా అన్నది మీరు తేల్చుకోవలసిన విషయం. అభిమానులకే యాజమాన్యంలో చోటు కావాలని సంఘం అడుగుతుంటే దానికి ఆధారాలున్నాయి. అమెరికాలో లక్ష జనాభా ఉన్న గ్రీన్ బే పట్టణపు అమెరికన్ ఫుట్‌బాల్ జట్టు ప్యాకర్స్ 1923 నుంచి ప్రజల చేతిలోనే ఉంది. లాభం పంచని, లాభానికి అమ్ముకోలేని వాటాలను 5 లక్షల మందికి పైగా కొనుక్కున్నారు, ఆ జట్టు ఊరు వదిలిపోలేదు. జర్మనీ ఫుట్‌బాల్‌లో కూడా, కొద్దిపాటి మినహాయింపులతో, ఓట్లలో సగానికి పైగా క్లబ్బు సభ్యుల చేతిలోనే ఉండాలన్న నియమం ఉంది. మీ లీగు నిబంధనలు అటువంటి దానికి చోటిస్తాయో లేదో సంఘంవారిని ముందుగా అడగండి.

పోరాటమంతా విఫలమై జట్టు వెళ్లిపోతే మీరు మూడు రకాలుగా ఉండవచ్చు. ఆటగాళ్లనూ రంగులనూ వెంబడించి, కొత్త ఊరి పేరుతో కూడా అభిమానిగా కొనసాగవచ్చు. బ్రూక్లిన్‌లో కొందరు అలాగే చేశారు. ఇక ఏ జట్టూ వద్దని ఆగిపోవచ్చు. లేదా ఊళ్లో ఉన్న చిన్న క్లబ్బులకు, కుర్రవాళ్ల పోటీలకు మీ ప్రేమనూ, ఇప్పుడు విరాళంగా ఇవ్వదలచుకున్న డబ్బులో కొంతనూ మళ్లించవచ్చు. మొదటి దారిలో పాత జ్ఞాపకాలకు కొనసాగింపు ఉంటుంది గాని, మీ నాన్నగారు కూర్చున్న స్టాండు అందులో ఉండదు. రెండో దారిలో మీరు ఫోనులో మాట్లాడుకునే విషయమే ఒకటి పోతుంది. మూడో దానికి ఆ ఊళ్లో ఉండి చూసుకునేవారు కావాలి. ఈ నిర్ణయం ఇప్పుడే తీసుకోనక్కరలేదు. సంఘంవారికి ఈ వారమే పైన చెప్పిన ప్రశ్నలు రాసి పంపి, జవాబు చేతికి వచ్చేదాకా డబ్బు పంపకుండా ఆగండి. కొడుకుతో మాట్లాడడాన్ని మాత్రం ఆ జవాబు దాకా వాయిదా వేయకండి.